కాగితపు గునుగు పూలు

మొన్న ఆదివారం మా చిన్నదానికి బడిలో కాగితపు పూలు చేసుకురమ్మని చెప్పారు. మదీనాగూడలో నాలుగు దుకాణాలు తిరిగి రంగు కాగితాల డబ్బా ఒకటి కొనుక్కొచ్చాను. జిగురు, మెరుపు చుక్కలు, ప్లాస్టిక్ కాడలు, ఎక్కడ మడవాలో బొమ్మలేసి చూపించే పుస్తకం, అన్నీ అందులోనే ఉన్నాయి. పిల్ల బుర్ర పెట్టాల్సిన పని ఒక్కటీ మిగల్చలేదు మహానుభావులు.

గంట తర్వాత వచ్చి చూద్దును కదా, ఆ డబ్బా మూత కూడా తీయలేదు. అల్మారా పై అరలో, పిల్లకు అందదని నేను దాచిన ఫ్లాటు కాగితాలు నేలంతా ముక్కలై ఉన్నాయి. అసలువి బ్యాంకులో ఉన్నాయి, ఇవి జిరాక్సులు. అయినా వంగి ముక్కలు ఏరడం మొదలుపెట్టాను.

"ఎవరిచ్చారే నీకివి?" అని గట్టిగానే అడిగాను.

పిల్ల నోరు తెరవకముందే, బాల్కనీలో పేపరు చదువుతున్న మా నాయిన తల కూడా ఎత్తకుండా, "నేనే ఇచ్చిన," అన్నాడు.

నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ మాట, అదే గొంతుతో, ఇంతకుముందు ఒకసారి విన్నాను. అప్పుడు నాకు పదేళ్ళు.

ఇప్పుడు సాయంత్రమైతే కారు అంగుళం కదలని రోడ్డు ఉంది చూడండి, మాదాపూర్ దాటాక, దాని పక్కనే ఉండేది మా ఊరు. గుట్టల మధ్య ఓ యాభై ఇళ్ళు, ఒక చెరువు, ఒక కిరాణా కొట్టు. నాయిన ఆ గుట్టల మీద మేకలు కాస్తూ పెరిగిన మనిషి. గుట్టను మందు పెట్టి పేల్చి పెద్ద బిల్డింగు కట్టడం మొదలుపెట్టాక, అదే గుట్టకు వాచ్‌మన్ అయ్యాడు. ఒక ఖాకీ చొక్కా, ఒక ఈల ఇచ్చారు. మేకలైతే తప్పిపోయేవి, రాళ్ళకు ఆ బాధ లేదని నవ్వేవాడు.

ఆ బిల్డింగు ఎలా ఉండాలో దాన్ని కట్టేవాళ్ళకే తేలేది కాదు. వారానికోసారి నక్షాలు, అదే ప్లాన్లు, మారేవి. పాతవన్నీ చుట్టి, పొయ్యిలో పెట్టుకోమని ఇంజనీరు సారు నాయినకు ఇచ్చేవారు. ఒక్కో నక్షా మా నులకమంచం మీద పరిస్తే అంచుల దాకా వచ్చేది. తెల్ల కాగితం మీద సన్నటి నీలి గీతలు, గదులు, తలుపులు, ఇంగ్లీషు అంకెలు. కొత్తవైతే ముక్కులు మండిపోయే ఘాటు వాసన. ఊళ్ళో అందరూ ఆ వాసనకు ముక్కు మూసుకుంటే, మా నాయినమ్మ మాత్రం గట్టిగా పీల్చి, ఇది మన మేకల కొట్టం వాసనే, పట్నపోళ్ళు దీనికి కూడ పైసలు పెట్టి కొంటున్నరు, అనేది.

నాయినమ్మ వాటిని పొయ్యిలో పెట్టనిచ్చేది కాదు. అక్షరం ఉన్న కాగితం కాలిస్తే ఇంట్లో పిల్లలకు చదువు రాదని ఆమె నమ్మకం. ఆమెకు ఒక్క అక్షరం రాదు. చేతివేళ్ళకు మాత్రం రాని పని లేదు. నక్షాలు చింపి మాకు పడవలు, సిరాబుడ్లు, చొక్కాలు, గాలికి గిర్రున తిరిగే పంకాలు చేసి ఇచ్చేది. వానాకాలం మా వాడకట్టు కాలువలో తేలిన పడవల మీద ఎవరో పెద్ద ఆఫీసరు కూర్చోబోయే గది ఉండేది, స్నానాల గది ఉండేది. ఏ పడవకు ఏ గది వచ్చిందని నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్ళం. వాడి పడవకు ఎప్పుడూ మరుగుదొడ్డే వచ్చిందని నేను చెప్పేదాన్ని. వాడికి అప్పటికి ఇంగ్లీషు రాదు, నాకూ రాదు, కానీ నేను పెద్దదాన్ని కాబట్టి నమ్మేవాడు.

మిగిలిన ముక్కలన్నీ గోలెంలో మూడు రోజులు నానేవి. వాటిని నానిన మెంతులతో కలిపి రోట్లో మెత్తగా రుబ్బి, బోర్లించిన కుండ మీద మెత్తి ఎండలో పెట్టేది. ఆరాక కుండ లాగేస్తే గంప. మెంతులు పడితే పురుగు పట్టదు. ఆ నాలుగు రోజులూ ఇల్లంతా చేదు వాసన, అమ్మ వండిన చారులో కూడా అదే వాసన. ఒకసారి ఆరుతున్న గంపకు నన్ను కాపలా పెట్టి నాయినమ్మ చెరువుకు వెళ్ళింది. నేను పడవల ధ్యాసలో పడ్డాను. ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క మేక గంప అంచు చుట్టూ శుభ్రంగా తినేసింది. నాకు వీపు విమానం మోతే అనుకున్నాను. నాయినమ్మ ఏమీ అనలేదు. కత్తెరతో అంచంతా సమంగా కత్తిరించి, ఇగ ఇది చాట, అంది. ఆ చాటలో చాలా ఏళ్ళు బియ్యం చెరిగాం.

ఆ ఏడు బతుకమ్మ పండుగ వచ్చేసరికి పువ్వుకు కరువొచ్చింది. బతుకమ్మ అంటే తాంబాలంలో పూలను వరుస మీద వరుస గోపురంలా పేర్చాలి కదా. అందులోకి తంగేడు కావాలి, గునుగు కావాలి. అవి రెండూ గుట్ట మీదవే. గుట్ట లారీల్లో వెళ్ళిపోయింది, మిగిలిన దాని చుట్టూ రేకుల గోడ లేచింది. నాయినమ్మ నన్ను వెంటేసుకుని పొద్దంతా తిరిగితే రెండు దోసిళ్ళ తంగేడు దొరికింది, గునుగు ఒక్క పోచ దొరకలేదు. కిరాణా కొట్టు పెద్దమ్మకు మాత్రం ఆమె తమ్ముడు శంకర్‌పల్లి దిక్కు నుంచి స్కూటరు మీద సంచి నిండా గునుగు తెచ్చాడు. ఆమె దాన్ని మా గుమ్మం ముందు నుంచే మోసుకుపోయింది, కావాలనే. అటు పక్క నుంచి దగ్గర దారి ఉంది.

నాకు ఏడుపొచ్చింది. నాయినమ్మకు పంతమొచ్చింది. దొరకనిది చేసుకోవాలె, గౌరమ్మకు మన సంగతి ఎరుకే, అని కత్తెర పట్టుకుంది.

గునుగు పువ్వంటే తెల్లటి కంకి, వేలెడంత కుచ్చు. ఆమె కాగితాన్ని నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీలుగా కోసి, ఒక పక్క అంచుకు దువ్వెన పళ్ళలా సన్నగా గాట్లు పెట్టి, చీపురు పుల్లకు చుట్టి దారం కట్టింది. కొసలు రంగు నీళ్ళలో ముంచింది. నిజం గునుగుకు కూడా రంగులద్దుతాం కాబట్టి ఎవరికీ తేడా తెలియదని ఆమె ధైర్యం. కానీ మా ఇంట్లో పాత నక్షాలు దాచే సంచిలో ఉన్నవన్నీ వానకు తడిసి ఆరినవి. కుచ్చు నిలబడలేదు, తల వాల్చేసింది. జర మంచి కాగితం చూసి తెమ్మని నన్ను లోపలికి పంపింది.

సంచి అంతా వెతికాను. అన్నీ అలాంటివే. తలెత్తితే గోడకు మేకు, మేకుకు దారంతో వేలాడుతున్న కొత్త నక్షా.

ముందురోజు సాయంత్రం ఇంజనీరు సారు దాన్ని నాయిన చేతికి ఇచ్చారు. ఆఫీసు షెడ్డు కురుస్తుందని, ఇంటి దగ్గర జాగ్రత్తగా ఉంచి మర్నాడు మేస్త్రీ రాగానే అతని చేతికే ఇవ్వమని చెప్పారు. నాయిన దాన్ని మేకుకు తగిలిస్తూ, ఎవరూ ముట్టొద్దని మా అందరికీ చెప్పాడు. నేను విన్నాను. విననట్టు ఇప్పుడు రాసుకుంటే అబద్ధమవుతుంది. కానీ ఆ కాగితం ఎంత బిరుసుగా, ఎంత తెల్లగా ఉందో! కిరాణా పెద్దమ్మ నడక నా కళ్ళలోనే ఉంది. మూలనున్న బియ్యం డబ్బాను ఈడ్చుకొచ్చాను, ఎక్కాను, దారం తెంపాను. పొయ్యిలో పెట్టుకోమని ఇచ్చే కాగితాలే కదా, ఒకటి తక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను. ఎక్కడిదని నాయినమ్మ అడిగితే, సంచిలదే అన్నాను. ఆమె దగ్గరి చూపు అప్పటికే మసక. వేళ్ళతో తడిమి, గిట్లుండాలె కాయిదమంటే, అని మెచ్చుకుంది.

పై నుంచి కిందికి పన్నెండు పట్టీలు కోశాం. ఒక్కోటి మధ్యకు రెండు. ఇరవై నాలుగు పూలు. మొదట కోసినవి గులాబి రంగులో ముంచాం, తర్వాతవి ఆకుపచ్చలో, చివరివి వంకాయ రంగులో. మధ్యాహ్నానికి ఆరిపోయాయి. నిటారుగా, గర్వంగా నిలబడ్డాయి. లోపల అమ్మ సద్దులు కలుపుతోంది. చింతపండు పులుపు, వేయించిన నువ్వుల వాసన, రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద వాసన. అడుగున తంగేడు, దాని మీద బంతి, ఆ పైన మూడు రంగుల గునుగు. కొసన పసుపుతో చేసిన గౌరమ్మను పెట్టి నాయినమ్మ దండం పెట్టింది. అంత అందమైన బతుకమ్మను నేను మళ్ళీ చూడలేదు. నా కళ్ళకు అలా కనిపించిందేమో కూడా.

నాలుగు గంటలప్పుడు వాకిట్లో స్కూటరు ఆగింది. వెనక నాయిన కూర్చుని ఉన్నాడు. ఇంజనీరు సారు కూకట్‌పల్లి కాలనీలో ఉండే కోస్తా మనిషి. మెత్తగా మాట్లాడే ఆయన ఆ రోజు చెమటలు కక్కుతున్నారు. మేస్త్రీ నక్షా కోసం ఎదురుచూస్తున్నాడు. దాని మీద పై ఇంజనీరు ఎర్ర పెన్సిలుతో దిద్దుబాట్లు చేసి ముందురోజే బొంబాయి రైలెక్కేశాడు. రెండో కాపీ లేదు. అది లేకపోతే రేపటి పని ఆగిపోతుంది.

నాయిన గుమ్మం దాటి గోడ వైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది. ఒక్క నిమిషం అక్కడే నిలబడి, కాలికి ఏదో తగిలినట్టు తూలి, మళ్ళీ బయటికొచ్చాడు. సారు అప్పటికే అరుగు మీది బతుకమ్మ ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు.

"మామ్మగారూ, ఈ పువ్వు ఒక్కసారి తిప్పి చూడొచ్చాండీ?" అన్నారు. తిప్పారు. "ఇవి మా మెట్లండీ," అన్నారు నీరసంగా.

అంతకు ముందు నెలే, సిమెంటు సంచులు వానకు తడిశాయని ఒక వాచ్‌మన్‌ను నిలబెట్టి పంపించేశారు. నాయిన నౌకరీ పోతే మళ్ళీ మేకలు కాసుకోవడానికి గుట్ట కూడా లేదు. ఆ సంగతి పదేళ్ళ నాకూ తెలుసు. చెప్పాలని నోరు తెరిచాను. నాకంటే ముందు నాయిన అన్నాడు.

"నేనే ఇచ్చిన సార్. పాత వాట్లల్ల కలిసిపోయింది, చూసుకోలే. తప్పు నాది."

నేను అమ్మ కొంగు వెనక్కి జరిగాను. ఇదీ నేను చేసిన పని. మొదటి తప్పు కంటే ఇది పెద్దదని అప్పుడే తెలుసు నాకు.

అప్పటికే ఆడవాళ్ళు తమ తమ బతుకమ్మలతో మా వాకిట్లోకి చేరుతున్నారు. పేర్చి దండం పెట్టిన బతుకమ్మను నీళ్ళలో వదిలేదాకా కదిలించకూడదు. అందరికీ తెలిసిన సంగతే. నాయినమ్మ సారు ముఖం చూసింది, నాయిన ముఖం చూసింది. చేతులు కడుక్కొచ్చి, గౌరమ్మను రెండు చేతులా ఎత్తి తమలపాకు మీద కూర్చోబెట్టింది.

"తల్లీ, జర పక్కకు కూసో. పోరని కొలువు మీదికొచ్చింది," అంది, ఇంటికొచ్చిన చుట్టానికి చెప్పినట్టు. మా నాయిన ఆమెకు అప్పటికీ పోరడే. తర్వాత వరుసలు విప్పడం మొదలుపెట్టింది.

ఇక చూడాలి మా వాకిలి! పాత నక్షా ఒకటి తెచ్చి తెల్ల వైపు పైకి వచ్చేలా పరిచాం. అమ్మ పెరుగు సద్దికి ఉంచిన అన్నం నుంచి ఇన్ని మెతుకులు తెచ్చింది జిగురుకు. పువ్వు విప్పడం, కుచ్చు సాపు చేయడం, మెతుకుతో అంటించడం. ఆడవాళ్ళు బతుకమ్మలు అరుగు మీద పెట్టేసి నేల మీద కూర్చున్నారు. పిల్లలు మధ్యలో దూరి తన్నులు తిన్నారు. ఏ ముక్క ఎక్కడిదో ఎవరికీ అర్థం కాలేదు. సారు తల పట్టుకుంటే, నేను కొంగు వెనక నుంచే, గులాబివి పైవి, పచ్చవి నడిమివి, వంకాయ రంగువి కిందివి అని చెప్పాను. ఆయన నా వైపు చూసి చేయి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. అంచుకు దళసరి గీత ఉంటే అది పక్క ముక్క అని నేర్పారు. పావుగంటలో కిరాణా పెద్దమ్మ కూడా చెప్పేస్తోంది, ఇది కిటికీ, ఇది తలుపు, ఈ గోడ వంకరున్నది సారు, అని. సారుకు నవ్వొచ్చేసింది.

ఇరవై మూడు ముక్కలు కుదిరాయి. ఒకటి లేదు. కింది వరుసలో, సరిగ్గా ఎర్ర పెన్సిలు రాత ఉన్న చోట, అరచేయంత వెడల్పున ఖాళీ. తాంబాలం బోర్లించారు, అరుగు కింద వెతికారు, మేక నోరు తెరిచి కూడా చూశారు. సారు మళ్ళీ చెమటలు తుడుచుకుంటున్నారు. నేను వంగి మంచం కింద చూస్తున్నాను. వెనక నుంచి నాయినమ్మ నా జడ పట్టి లాగింది.

"గిదేందే?"

అన్నిటికంటే బాగా వచ్చిన వంకాయ రంగు పువ్వును మధ్యాహ్నం నేనే జడలో పెట్టుకున్నాను. పెట్టుకుని మరిచిపోయాను. వాకిలి వాకిలంతా గొల్లుమంది. సారు దాన్ని విప్పి, వెలుతురుకు పట్టుకుని చదివారు. కింది అంతస్తు మెట్ల వరుసలో ఒక మెట్టు తక్కువైంది, కలపమని రాసి ఉంది. రంగు పడినా మైనపు పెన్సిలు గీత చెదరలేదు.

"మీ అమ్మాయి జడలో మెట్టు దొరికిందయ్యా," అన్నారు నాయినతో. తర్వాత గొంతు తగ్గించి, ఉన్న ఒక్క కాపీనీ తన దగ్గర ఉంచుకోకుండా వేలాడదీయమని ఇచ్చినందుకు ముందు చీవాట్లు పడేది తనకేనని, ఈ సంగతి ఈ వాకిట్లోనే వదిలేద్దామని చెప్పారు. నాయిన రెండు చేతులూ జోడించాడు. అమ్మ పెట్టిన మలీద సారు అరుగు మీద కూర్చుని రెండుసార్లు అడిగి తిన్నారు. ఇంట్లో ఆవిడకని ఆకులో కట్టించుకుని మరీ వెళ్ళారు. ఆ అతుకుల నక్షాను వారం తర్వాత తెచ్చి, గుర్తుగా ఉంచుకోమని నాయినకే ఇచ్చేశారు.

ఆయన వెళ్ళాక చూస్తే మా తాంబాలంలో తంగేడు, బంతి తప్ప ఏమీ మిగల్లేదు. పొద్దు వాలుతోంది. కిరాణా పెద్దమ్మ తన బతుకమ్మ పై వరుస నుంచి గుప్పెడు గునుగు తీసి మా తాంబాలంలో వేసింది. గౌరమ్మకే ఇస్తున్న, నీకు గాదు, అంది నాయినమ్మతో. ఆ వెనక ఒక్కొక్కరూ తలా గుప్పెడు వేశారు. ఏ ఇంటి పువ్వు ఏదో తెలియని బతుకమ్మ అయింది మాది. అందరికంటే ఎత్తు కూడా అయింది. నాయినమ్మ గౌరమ్మను మళ్ళీ ఎక్కించి, చెరువు దాకా తనే మోసింది. నేను చప్పట్లు తప్పు కొడుతూ, నవ్వుతూ, మధ్యమధ్య నాయిన వైపు చూస్తూ ఆడాను. ఆయన గట్టు మీద కూర్చుని కాలు నొక్కుకుంటున్నాడు. ఆ వారమంతా కుంటుతూనే నడిచాడు. రాయి తగిలిందన్నాడు.

చెప్పలేదు నేను. ఆ మర్నాడు చెబుదామనుకున్నాను, దసరా వెళ్ళాక అనుకున్నాను. తర్వాత నాయినమ్మ పోయింది, ఊరి మీద రోడ్డు పడింది, అందరం తలా దిక్కు అయ్యాం. ఉద్యోగానికి తిరిగే రోజుల్లో ఇంటర్వ్యూకు ఆ బిల్డింగుకే వెళ్ళాల్సి వచ్చింది. లిఫ్టు ఉండగా మెట్లెక్కాను. మొదటి మలుపు దగ్గర ఆగి రెయిలింగు పట్టుకుని నవ్వుకుంటుంటే, కిందికి దిగుతున్న కుర్రాళ్ళు పక్కకు తప్పుకుని పోయారు. నాకైతే మా ఇంటి మెట్టు మీద నిలబడ్డట్టే ఉంది.

ఆదివారం సాయంత్రం పిల్ల తన పూలను సంచిలో సర్దుకుంది. తాత నేర్పాడట, చీపురు పుల్లకు చుట్టిన గునుగు పూలే. బాల్కనీలో నాయినకు చాయ్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఇన్నేళ్ళకు నోరు పెగిలింది.

"నాయినా, ఆనాడు ఆ నక్షా సంచిల కలవలే. మేకు మీదికెల్లి నేనే తీసిన."

"ఎరుకే," అన్నాడు.

ఆయన చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగాడు.

"బియ్యం డబ్బా మేకు కిందనే ఉండె. సారు చూస్తరని మంచం కిందికి తన్నిన. నిండ బియ్యమాయె, బొటనేలు వారం దినాలు వాసింది." కప్పు కింద పెట్టి, లోపల పిల్ల ఉన్న వైపు చూశాడు. "ఇయ్యాల్టిది ప్లాస్టిక్ కుర్చీ. నువ్వు వచ్చేలోపల జప్పన జరిపిన."